ప్లేఆఫ్స్‌లో ముందు మ్యాచ్ ఓడినవాళ్ళ వైపు నిలబడటం: స్ప్రెడ్ దగ్గర ఈ సూత్రం పనిచేస్తుందా?

గోదారి_గట్టు
ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ కదండీ, ఈసారి ముందే తేల్చుకుందాం. జిగ్‌జాగ్ అంటే తెలియనివాళ్ళకి: సిరీస్‌లో ఒక మ్యాచ్ ఓడిన జట్టుని తర్వాతి మ్యాచ్‌లో స్ప్రెడ్‌తో కలిపి ఎంచుకోవడం. స్ప్రెడ్ అంటే మేటి జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలవాలో పందెం నడిపేవాళ్ళు పెట్టే అంకె, దాన్నే లైన్ అనీ అంటారు. పాత చింతకాయ పచ్చడి అంటారు. అయితే 2025 ఫైనల్స్ చూడండి. మొదటిది ఇండియానా 111-110. రెండోది ఓక్లహామా సిటీ 123-107. మూడోది ఇండియానా 116-107. నాలుగు, ఐదు ఓక్లహామావి: 111-104, 120-109. ఆరోది ఇండియానా 108-91, ఏడోది ఓక్లహామా 103-91. మొదటిది పక్కనపెడితే మిగిలిన ఆరింటిలో ఐదు, అంతకుముందు ఓడినవాళ్ళే గెలిచారు.

కారణం లేకుండా జరగలేదండి. రెగ్యులర్ సీజన్‌లో ఓడిన జట్టు మర్నాడు ఇంకో ఊరెళ్ళి ఇంకెవరితోనో ఆడుతుంది. ఇక్కడ అదే ప్రత్యర్థి, మధ్యలో ఒకటో రెండో రోజులు. ఓడిన కోచ్ ఏదో ఒకటి మార్చి తీరాలి. ఆ ఫైనల్స్‌లోనే మొదటి మూడు మ్యాచ్‌లూ హార్టెన్‌స్టైన్‌ని మొదటి ఐదుగురిలో కాకుండా బెంచీ నుంచి ఆడించిన ఓక్లహామా కోచ్ డెగ్నాల్ట్, 1-2తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్‌లో అతన్ని మళ్ళీ మొదటి ఐదుగురిలోకి తెచ్చాడు. గెలిచిన కోచ్ నడుస్తున్న బండికి చక్రం ఎందుకు విప్పుతాడు?

లెక్కల_మాస్టారు
గట్టు గారూ, మీరు రాసినవన్నీ ఎవరు గెలిచారన్న స్కోర్లు. శీర్షికలో మీరే స్ప్రెడ్ అన్నారు. రెండో మ్యాచ్‌లో ఓక్లహామా 68 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు, సొంత కోర్టు, రెండంకెల దరిదాపుల్లో ఫేవరెట్. 16తో గెలిచింది ముందు మ్యాచ్ ఓడినందుకా, మేటి జట్టయినందుకా? రెండిటినీ విడదీయకుండా సూత్రం అనకండి.

ఇక లెక్క. మామూలు ధర: 110 పెట్టి గెలిస్తే లాభం 100. నష్టం లేకుండా బయటపడటానికే 52.38 శాతం సరిగ్గా చెప్పాలి. ఎన్‌బీఏలో తుది తేడా లైన్ చుట్టూ సుమారు 12 పాయింట్ల ప్రామాణిక విచలనంతో చెదురుతుంది. ఆ లెక్కన లైన్ దగ్గర ఒక్కో పాయింటు విలువ గెలిచే అవకాశంలో 3.3 శాతం. అంటే మీ అంచనా లైన్ కంటే 0.7 పాయింటు మెరుగ్గా ఉంటే మీ చేతికొచ్చేది సున్నా. లాభం అక్కణ్ణుంచి మొదలు. "ఓడినవాడు కసితో ఆడతాడు" అన్న మాటకి ఎన్ని పాయింట్లో చెప్పండి. అందులో ఎన్ని లైన్‌లో ఇప్పటికే కలిసిపోయాయో కూడా చెప్పండి. లైన్ పెట్టేవాళ్ళు కూడా జిగ్‌జాగ్ పేరు వినే ఉంటారు.

డాలస్_బుల్లోడు
2024 ఫైనల్స్ గురించి మా ఊళ్ళో అడగండి. ఓడి, ఓడి, ఓడి, ఆ తర్వాత 122-84. అప్పటికి ఏం మిగిలిందని.

గోదారి_గట్టు
@డాలస్, మీవాళ్ళు రెండో మ్యాచ్ 105-98తో బోస్టన్ చేతిలో ఓడారు. ఏడే తేడా. ఓడినా కవర్ చేశారు, అంటే స్ప్రెడ్ లోపే ఆగారు. నాలుగోది 38తో గెలిచారు. ఐదోదానికి బోస్టన్ ఓడి వచ్చింది, 106-88తో కొట్టింది. నేను చెప్పేది ఇదే.

లెక్కల_మాస్టారు
ఆగండి. రెండో మ్యాచ్ కవర్ ఎలా అయింది? బోస్టన్‌లో జరిగింది, లైన్ ఏడుకి అటూ ఇటూ తిరిగింది. తేడా సరిగ్గా ఏడు. ఏడు దగ్గర తీసుకున్నవాడికి పుష్, డబ్బు వెనక్కి. ఏడున్నర దొరికినవాడిది గెలుపు. ఆరున్నర దగ్గర చిక్కినవాడికి ఓటమి. మీరు మటుకు గెలుపు అని రాసేసుకున్నారు.

గోదారి_గట్టు
ఏడున్నర ఉందండీ, నేను అంచనాలు రాసుకునే షీట్‌లో ఉంది.

లెక్కల_మాస్టారు
ఎప్పుడు ఉంది?

కరీంనగర్_కింగ్
అర పాయింట్ కోసం ఇంత లొల్లి ఎందుకన్నా. అర పాయింట్ కొనుక్కోరాదు?

ఎడిసన్_శ్రావణి
@కింగ్, అది కొనకూడదు తమ్ముడూ. అర పాయింటుకి సాధారణంగా 110 కాస్తా 120 అవుతుంది. 120 పెట్టి 100 కొట్టాలంటే 54.55 శాతం కావాలి, అంటే 2.17 శాతం ఎక్కువ. మాస్టారు చెప్పిన లెక్కన అర పాయింటు విలువ 1.7 శాతమే. ఫుట్‌బాల్‌లో, అంటే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌లో, 3 మీద అర పాయింటు బంగారం. బాస్కెట్‌బాల్‌లో అలాంటి అంకె లేదు. చివరి నిమిషంలో వెనకబడ్డ జట్టు కావాలని ఫౌల్ చేస్తూ పోవడం వల్ల 5 నుంచి 8 దాకా తేడాలు కాస్త ఎక్కువ పడతాయి, అంతే. అయినా అంత ధర పలకదు. అర పాయింటు కావాలంటే రెండు మూడు చోట్ల ధర పోల్చుకుని వెతుక్కోవాలి, కొనకూడదు.

జిగ్‌జాగ్ విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ అనలేదు: వేదిక. 2-2-1-1-1 పద్ధతిలో (ఒక ఊళ్ళో రెండు, రెండో ఊళ్ళో రెండు, ఆ తర్వాత ఒక్కొక్కటి మార్చి మార్చి) బయట రెండూ ఓడిన జట్టు మూడో మ్యాచ్‌కి ఇంటికొస్తుంది. సొంత కోర్టుకి ఒకప్పుడు మూడు పాయింట్లు వేసేవాళ్ళు, ఇప్పుడు రెండు, రెండున్నర. ఊరు మారితేనే లైన్ నాలుగైదు కదులుతుంది. మూడో మ్యాచ్‌లో ఓడినవాళ్ళు బాగా ఆడారంటే అందులో చాలా భాగం ఇల్లే. జిగ్‌జాగ్‌ని పరీక్షించాలంటే వేదిక మారని రెండో మ్యాచ్, నాలుగో మ్యాచ్ విడిగా తీసి చూడాలి. ఒక్క ఫైనల్స్‌లోని ఆరు మ్యాచ్‌లతో తేలదు.

గోదారి_గట్టు
శ్రావణి గారూ, 2025లో బోస్టన్, న్యూయార్క్ రెండో మ్యాచ్ వేదిక మారనిదే కదండీ.

లెక్కల_మాస్టారు
అది మీకు ఎదురు సాక్ష్యం! మొదటిది 105-108, ఓవర్‌టైమ్. రెండోది 90-91. రెండింట్లోనూ 20 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకున్నారు, అదీ సొంత కోర్టులో. మీ కసి ఎక్కడికి పోయింది?

ఎడిసన్_శ్రావణి
ఈ సిరీస్ ఇద్దరికీ పనికొస్తుంది, మీరిద్దరూ చూసే చోట కాదు. మొదటి మ్యాచ్‌లో బోస్టన్ మూడు పాయింట్ల షాట్లు 60 వేసి 15 పెట్టింది. 45 తప్పడం ప్లేఆఫ్స్ రికార్డు. రెండో మ్యాచ్‌లో 40కి 10. రెండుసార్లూ సరిగ్గా 25 శాతం. మూడో మ్యాచ్‌లో 40కి 20 పడ్డాయి, 115-93. కోచ్ ఏం మార్చాడని? అదే మనుషులు, దాదాపు అవే షాట్లు. నలభై షాట్లలో నాలుగు అటు పడితే 12 పాయింట్లు, అంటే మాస్టారి విచలనం మొత్తం.

కాబట్టి ఓడిన జట్టుని ఎంచుకునే ముందు "ఎందుకు ఓడింది" అన్నది రెండుగా చీల్చాలి. ఖాళీగా నిలబడి వేసిన షాట్లు పడకపోతే అది తిరిగొస్తుంది, దానికి కోచ్ అక్కర్లేదు. రీబౌండ్లు పోతే, పెయింట్ (బుట్ట ముందున్న చోటు) లోపల ఆపలేకపోతే, బంతి చేజారుతూ ఉంటే అంత తొందరగా తిరిగిరాదు. 2018లో హ్యూస్టన్ ఏడో మ్యాచ్‌లో 44కి 7 పెట్టింది, మధ్యలో వరసగా 27 తప్పాయి. అదంతా గోల్డెన్ స్టేట్ డిఫెన్స్ ఘనతే అనేవాడితో నేను వాదించను.

మోడరేటర్
గుర్తుచేస్తున్నాం: ఆన్‌లైన్ పందాల మీద తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2020 నుంచి నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. అమెరికాలోనూ టెక్సస్, కాలిఫోర్నియాల్లో క్రీడా పందాలకు అనుమతి లేదు. అంచనాల మీద ఎంతయినా వాదించుకోండి, యాప్ లింకులు పెడితే పోస్టు లేపేస్తాం.

సైలెంట్_రీడర్
ఓవర్‌టైమ్ పాయింట్లు స్ప్రెడ్‌లో కలుస్తాయా?

ఎడిసన్_శ్రావణి
పూర్తి మ్యాచ్ పందెంలో కలుస్తాయి. నాలుగో క్వార్టర్ వరకే, రెండో సగం వరకే అని వేసినవాటికి ఎక్కడి నియమం అక్కడ చదువుకోవాలి.

గోదారి_గట్టు
మాస్టారూ, ఒక్క మాట. 2023లో మిల్వాకీ మీద మయామీ అంటే ఈ ఫోరంలోనే నవ్వారు. ఎనిమిదో సీడ్ 4-1తో గెలిచింది. అప్పుడు ఎవరూ విచలనం అనలేదు.

లెక్కల_మాస్టారు
ఆ సిరీస్ మొదటి మ్యాచ్‌లోనే మిల్వాకీ స్టార్ యానిస్ నడుం పట్టేసి బయటికెళ్ళాడు, తర్వాతి రెండూ ఆడలేదు. రెండోది అతను లేకుండానే మిల్వాకీ 138-122 గెలిచింది. మీ సూత్రం ప్రకారం మీరు మిల్వాకీ వైపు ఉండాలి, మయామీ వైపు కాదు. ఏది చెల్లితే ఆ చొక్కా తొడుక్కుంటున్నారు.

గోదారి_గట్టు
చొక్కాల సంగతి వద్దు. నా షీట్ మూడు సీజన్లది, లాభంలో ఉంది. నువ్వెప్పుడైనా ఒక్క అంచనా మ్యాచ్‌కి ముందు ఇక్కడ పెట్టావా? జరిగాక వచ్చి లెక్కలు చెప్పడం అందరికీ వచ్చు.

లెక్కల_మాస్టారు
నువ్వు అన్నావు గనక నేనూ అంటాను. నీ షీట్ నిన్న రాత్రంతా చూశాను. ప్రతి వరసలో ఉన్నది ఓపెనింగ్ లైన్. ముందు మ్యాచ్ అయిన కొద్ది గంటల్లో తర్వాతి లైన్ వస్తుంది, చిన్న మొత్తాలే తీసుకుంటారు, సాయంత్రానికి జరిగిపోతుంది. నువ్వు పోస్టు పెట్టేది ఆ తర్వాత. అంటే అప్పటికి ఎవరికీ దొరకని ధర దగ్గర నువ్వు గెలుస్తున్నావు. 2024 రెండో మ్యాచ్ ఏడున్నర అలా వచ్చిందే. అన్ని వరసలూ ముగింపు లైన్‌కి, అంటే మ్యాచ్ మొదలయ్యే ముందు ఉన్న చివరి లైన్‌కి, మార్చి చూడు, ఆ లాభం నిలబడితే నేను ఒప్పుకుంటాను.

ఇంకోటి. ఒక ప్లేఆఫ్స్‌లో 15 సిరీస్‌లు. మొదటి మ్యాచ్‌లు తీసేస్తే నీ సూత్రానికి మిగిలేవి 45 నుంచి 90. మధ్యలో 65 అనుకో. నాణెం 65 సార్లు ఎగరేస్తే ఆరు శాతం అటూ ఇటూ రావడం మామూలు. 65కి 36 వస్తే 55 శాతం, దానికి సూత్రం అక్కర్లేదు. 52.38 నుంచి 55ని నమ్మకంగా విడదీయాలంటే పద్నాలుగు వందల పైచిలుకు అంచనాలు కావాలి. ఏడాదికి 65 చొప్పున ఎన్నేళ్ళో చూసుకో.

కరీంనగర్_కింగ్
ఇరవై రెండేండ్లు. అప్పటికి ఇద్దరూ రిటైర్.

గోదారి_గట్టు
దొరకని ధర అంటావేంటి? నేను కాకినాడలో ఉన్నాను. రూపాయి కూడా పెట్టను, పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. పొద్దున్న ఆరింటికి మ్యాచ్ చూస్తాను, అయ్యాక లైన్ ఏది కనబడితే అది రాసుకుంటాను. నా ప్రశ్న మొదట్నుంచీ ఒకటే: మొన్నటి ఓటమి చూసి జనం ఏ జట్టుని తక్కువ అంచనా వేస్తున్నారు? దానికి మొదటి లైనే సరైన కొలబద్ద. సాయంత్రానికి లైన్ నా వైపు జరిగిందంటే నేను చెప్పింది నిజమైనట్టే కదా!

లెక్కల_మాస్టారు
ఇది ముందే చెప్పి ఉంటే నలభై పోస్టులు మిగిలేవి. నీది ఆట మీద అంచనా, నేను అడిగేది ధర మీద అంచనా. లైన్ నీ వైపు జరగడం నిజంగానే మంచి గుర్తు, అది కాదనను. లాభమా నష్టమా అన్నదాని కంటే ముగింపు లైన్‌ని ఎన్నిసార్లు, ఎన్ని పాయింట్లతో దాటావన్నదే తొందరగా తేలే కొలత. కానీ లైన్ ఎందుకు జరిగిందో నీ షీట్‌లో లేదు. గాయం వార్త వల్ల జరిగితే అది నీ జిగ్‌జాగ్ ఖాతాలో పడదు.

ఎడిసన్_శ్రావణి
దానికి దారి ఉంది. రొటేషన్‌లో (నిజంగా ఆడేవాళ్ళలో) మిగిలే ఏడెనిమిది మందితో జట్టు బలం లెక్కేసుకోండి, సీజన్ మొత్తం సగటుతో కాదు. ఉదాహరణకి సగటు జట్టు కంటే ఇంటి జట్టు +6, ఎదుటి జట్టు +2, సొంత కోర్టు 2.5 అనుకుంటే మీ అంకె ఆరున్నర. గాయం వస్తే: బదులు వచ్చేవాడి కంటే వంద పొసెషన్లకి (బంతి జట్టు చేతికొచ్చే అవకాశాలకి) 6 పాయింట్లు మెరుగైనవాడు 48లో 38 నిమిషాలు ఆడేవాడయితే, మ్యాచ్‌కి 96 పొసెషన్ల చొప్పున 6 × 0.79 × 0.96, అంటే నాలుగున్నర. లైన్ కదలికలోంచి ఆ నాలుగున్నర తీసేశాక మిగిలిందే జిగ్‌జాగ్‌ది. ఈ అంకె ముందు రాసి, తర్వాత లైన్ చూడాలి. లైన్ చూశాక రాస్తే మనకి తెలియకుండానే చెయ్యి దాని వైపు జరుగుతుంది.

లెక్కల_మాస్టారు
సరే. ఇప్పట్నుంచి గట్టు గారు అంకె, లైన్, సమయం మూడూ ఇక్కడే పెట్టాలి. గాయాల జాబితా మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం 5 కల్లా జట్లు ఇవ్వాలి కదా, ఆ లోపు.

గోదారి_గట్టు
ఏ ఊరి 5 అండీ?

లెక్కల_మాస్టారు
మ్యాచ్ ఊరిది. ఓక్లహామా సిటీ అయితే మీకు తెల్లారుజాము మూడున్నర.

గోదారి_గట్టు
అలారం పెట్టుకుంటాను. కానీ షీట్‌లో 2024 రెండో మ్యాచ్ గెలుపుగానే ఉంటుంది.

లెక్కల_మాస్టారు
అది పుష్షే.