ఫిల్టర్ కాఫీకి నురగ నిలవట్లేదు: లోపం పాలదా, డికాషన్‌దా?

విజయనగరం_కాఫీ:
పొద్దున్న కాచిన గేదె పాలనే సాయంత్రం మళ్లీ పొంగించి కాఫీ కలుపుతున్నాం. పొడి అరకు అరబికా, చికోరీ (కాఫీపొడిలో కలిపే వేరు పొడి) లేదు. రెండు పెద్ద చెంచాల పొడికి 200 మి.లీ. నీళ్లు. ఎంత ఎత్తునుంచి తిరగబోసినా బుడగలు పెద్దపెద్దవిగా లేచి, మొదటి గుటకలోపే చితికిపోతున్నాయి. గ్లాసు అంచున సన్నటి తెల్లగీత మిగులుతోందంతే. ఎక్కడ సరిచేయాలండి?

శ్రీకాకుళం_డబరా:
ముందు డికాషన్ లేకుండా వేడి పాలు మాత్రమే గ్లాసుకీ డబరాకీ మధ్య నాలుగుసార్లు తిరగబోయండి. అప్పుడూ నిలవకపోతే లోపం పాలదో గిన్నెదో.

నురగను పట్టి ఉంచేది పాలలోని ప్రొటీన్. విడిపోయిన కొవ్వు దాన్ని చెడగొడుతుంది. మీగడను గరిటెతో పాలలోకి కలిపేస్తే ఆ నెయ్యి చుక్కలే బుడగలను పగలగొడతాయి. అందుకే మీగడ తీసి, సన్నజల్లెడలో వడకట్టాలి. రెండోసారి పొంగు రానివ్వొద్దు. 65-70 డిగ్రీలు చాలు, అంటే ఆవిర్లు బాగా లేవగానే దించేయాలి. పాలలో నీళ్లు కలిపితే ప్రొటీన్ పలచబడుతుంది, నురగా పలచబడుతుంది.

గ్లాసుకు సబ్బు అంటుకున్నా, నూనె జిడ్డున్నా ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా దండగే. మరిగిన నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించండి.

ఎస్‌కోట_ఫిల్టర్:
పైవారు చెప్పింది సరే గానీ, ఆ డికాషన్ కొలత చూస్తేనే తెలుస్తోంది. రెండు చెంచాల పొడి పది, పన్నెండు గ్రాములకు మించదు. దానికి 200 మి.లీ. నీళ్లంటే మరీ పలచన. రంగు రావాలని డికాషన్ సగానికి సగం పోస్తారు, పాలలో నీళ్లు కలిపినట్టే అవుతుంది. 20 గ్రాముల పొడికి 100 మి.లీ. నీళ్లు పోయండి. మరిగాక ఒక్క నిమిషం ఆగి పోయాలి. పొడిని ఫిల్టర్‌లోని పైబిళ్లతో మెత్తగా సర్దితే చాలు, గట్టిగా అదిమితే చుక్క దిగదు. కాఫీలో ఒక వంతు డికాషన్‌కు మూడు వంతుల పాలు.

విజయనగరం_కాఫీ:
వట్టి పాలు వడకట్టి చూశాం, నురగ బాగానే నిలిచింది. డికాషన్ పడగానే కూలిపోతోంది.

ఎస్‌కోట_ఫిల్టర్:
అయితే డికాషనేనండి. చిక్కగా దించండి. అరబికాలో నూనె రోబస్టా రకం గింజలకంటే ఎక్కువ, అదీ నురగకు పడదు. పొడి పట్టించేటప్పుడు నాలుగో వంతు రోబస్టా కలపమనండి. పంచదార తిరగబోయకముందే వేస్తే ద్రవం కాస్త చిక్కబడి బుడగలు నెమ్మదిగా ఆరుతాయి. మూడు, నాలుగుసార్లు, మూరెడు ఎత్తునుంచి సన్నధారగా పోస్తే చాలు. అంతకుమించి తిప్పితే కాఫీ చల్లారిపోవడమే తప్ప నురగ పెరగదు.