వాది, సంవాది: స్వరాలకూ కోర్టు మాటలేనా?

ప్రశ్న: మా అబ్బాయి కీబోర్డు క్లాసు నోట్సు తెలుగులో రాసిపెడుతున్నాను. టానిక్ (మెట్లకు ఆధారమైన మొదటి స్వరం, సా), డామినెంట్ (దానికి పైన అయిదోది, పా) దగ్గర ఆగిపోయాను. వాది, సంవాది అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. వాది అంటే దావా వేసినవాడు కదండీ! స్వరానికి ఆ పేరెలా వచ్చింది? ఇక్కడ నప్పుతుందా?

కీబోర్డు వాయించే సభ్యుడు: నప్పుతుందనే అనుకుంటా. సా వాది, పా సంవాది. తంబురా వినండి, రెండూ ఎంత చక్కగా కలుస్తాయో.

వీణ నేర్పే సభ్యురాలు: సా, పా పరస్పరం సంవాదులే, అంతవరకు సరే. కానీ టానిక్‌ని వాది అంటే చిక్కొస్తుంది.

ముందు మాట సంగతి. వద్ అంటే పలకడం. వాది పలికేవాడు, సంవాది ఒప్పుదలగా పలికేవాడు, అనువాది వెంట పలికేవాడు, వివాది ఎదురు పలికేవాడు. కోర్టు, సంగీతం ఒకే ధాతువు నుంచి ఎవరికి వారు తెచ్చుకున్నారు. వివాదం, అనువాదం కూడా ఈ కుదురువే. లక్షణగ్రంథాల్లో వాది రాజు, సంవాది మంత్రి, అనువాది భృత్యుడు, వివాది శత్రువు. నాట్యశాస్త్రం భరతుడి లెక్కలో (సా నుంచి పై సా వరకు 22 చిన్న ఎడాలు, ఒక్కోటి ఒక శ్రుతి) 9 లేదా 13 శ్రుతుల ఎడం ఉంటే సంవాదులు, అంటే సా-మా, సా-పా జంటల్లాంటివి.

ఇప్పుడు చిక్కు. హిందూస్తానీలో భూపాలి, దేశ్‌కార్ రెండింటికీ మన మోహనం స్వరాలే: స రి గ ప ధ. భూపాలిలో వాది గా, సంవాది ధా. దేశ్‌కార్‌లో వాది ధా, సంవాది గా. సా మాత్రం రెండింట్లోనూ ఆధారమే, వాది కాదు. టానిక్ చేసే పని ఆ సా ది. దానికి ఆధారషడ్జం అనే మాట మనకు ఎప్పటినుంచో ఉంది. వాది అనేది రాగం నడకను బట్టి మారే పదవి. మన కచేరీ భాషలో ఆ చోట జీవస్వరం (రాగానికి ప్రాణమైన స్వరం), న్యాసస్వరం (పలుకు వచ్చి ఆగే స్వరం) అనే మాటలే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు: మరి డామినెంట్?

కీబోర్డు వాయించే సభ్యుడు: మేడం చెప్పాక డామినెంట్‌కీ సంవాది వద్దనిపిస్తోంది. సీ మేజర్ తీసుకోండి, మెట్లు శంకరాభరణానివే. పా మీద కార్డు (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు): పా, నీ, రీ. ఇందులో నీ పై సా కి అరమెట్టు కింద నిలబడి ఉంటుంది. అక్కడ ఆపి చేతులు తీసేయండి, గదిలో ఎవరో ఒకరు సా పాడేస్తారు! దానికి మా కలిపి నాలుగు స్వరాల సెవెన్త్ కార్డు చేస్తే ఆ మా కూడా గా లోకి దిగాలని చూస్తుంది. సా-గా-పా కార్డు పడితే రెండూ కుదుటపడతాయి. సంవాది అంటే పొందిక. ఈ కార్డు చేసేది లాగడం.

హంసధ్వనిలో (స రి గ ప ని) ఈ రెండు కార్డులూ పూర్తిగా దొరుకుతాయి. మా లేదు కాబట్టి మా మీద కట్టే సబ్‌డామినెంట్ కార్డు ఉండదు.

అన్నట్టు, సబ్‌డామినెంట్‌కి ఉప తగిలించకండి. డామినెంట్ సా నుంచి పైకి అయిదో మెట్టు, ఇది కిందికి అయిదో మెట్టు: సా, నీ, ధా, పా, మా. ఆ అర్థంతోనే ఫ్రాన్స్‌లో సంగీతకర్త రామో 1726లో ఈ పేరు వాడాడు.

హార్మోనియం వాయించే సభ్యుడు: పద్యనాటకాల్లో మాకీ గొడవే లేదు. ‘ఒకటిన్నర శ్రుతి’ అంటే సీ షార్ప్ మీద సా. కీకి (పాటకు సా ఎక్కడ పెట్టుకున్నామో దానికి) శ్రుతి అని రాసేయండి.

వీణ నేర్పే సభ్యురాలు: రాయొచ్చు. కాకపోతే భరతుడి 22 శ్రుతులు వేరే లెక్క అని పక్కన ఒక ముక్క రాయండి, పిల్లాడు రెండూ కలిపేసుకుంటాడు.

ప్రశ్న అడిగినవారు: అయితే టానిక్ ఆధారషడ్జం, కీ శ్రుతి. డామినెంట్‌ని డామినెంట్‌గానే ఉంచుతాను. లీడింగ్ నోట్‌ని (పై సా వైపు లాగే ఆ నీని) కాకలి నిషాదం అనొచ్చా?

వీణ నేర్పే సభ్యురాలు: కాకలి అనేది స్థానం పేరు (పై సా కి అరమెట్టు కింది నీ), పని పేరు కాదు. మేజర్‌లో రెండూ ఒకే చోట పడతాయి కాబట్టి తేడా కనబడదు. మైనర్‌కి వెళ్తే బయటపడుతుంది. మైనర్ మెట్లు మన నఠభైరవివి, అందులో ఉండేది కైశికి నిషాదం, పై సా కి నిండు మెట్టు దూరం, అందుకే ఆ లాగుడు అంతగా ఉండదు. ఆ లాగుడు కావాలనుకున్నప్పుడు పాశ్చాత్య సంగీతంలో ఆ నిషాదాన్ని అరమెట్టు పెంచి కాకలి చేస్తారు. అప్పుడు ఆ మెట్లు మన కీరవాణి అవుతాయి.