ఎఫ్‌ఈటీలో ఎకోస్ప్రిన్ 75: ఏపీఎల్‌ఏ నెగెటివ్ అయినా వాడాలా?

ఐవీఎఫ్ సెంటర్లలో పనిచేసే డాక్టర్లు, ఫార్మసిస్టులు కాస్త చెప్పండి. ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కి (ఎఫ్‌ఈటీ, అంటే గడ్డకట్టించి దాచిన పిండాన్ని గర్భాశయంలో పెట్టడానికి) ఈస్ట్రోజెన్ మాత్ర ఎస్ట్రాడయోల్ వాలరేట్ 2 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, రాత్రి భోజనం తర్వాత ఎకోస్ప్రిన్ 75 (75 మి.గ్రా. ఆస్పిరిన్) రాశారు. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల (ఏపీఎల్‌ఏ) టెస్టులు లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రొటీన్ మూడూ నెగెటివే. ఇంతకుముందు అబార్షన్లు లేవు, బీపీ మామూలే. ఆ టెస్టులు పాజిటివ్ వచ్చి, 12 వారాలకు మళ్లీ అలాగే వచ్చి, అబార్షన్లో రక్తం గడ్డకట్టిన చరిత్రో కూడా ఉంటే ఆస్పిరిన్‌కి హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) కలపడం సరే. అవేమీ లేకుండా అందరికీ ఇస్తే బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని ట్రయల్స్‌లో తేలలేదు కదా! "గర్భాశయానికి రక్తం బాగా అందుతుంది" అన్న మాట మీదే రాస్తున్నారా?

అసలు చిక్కు స్పాటింగ్‌తో, అంటే కొద్దికొద్దిగా రక్తం కనిపించడంతో. అది యోనిలో పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మాత్ర (పెసరీ) వల్లా రావచ్చు, ఆస్పిరిన్ వల్లా రావచ్చు. ప్లేట్‌లెట్ల మీద ఆస్పిరిన్ ప్రభావం 7–10 రోజులు ఉంటుంది, కాబట్టి ఆపి చూసినా వెంటనే తేలదు. మీరైతే ముందు ఏం చూస్తారు?

ఇంకొకటి. ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే సమస్య) రిస్క్ ఉంటే 16 వారాల లోపే ఆస్పిరిన్ 150 మి.గ్రా. మొదలుపెడతారు. ఐవీఎఫ్ గర్భం, తొలి కాన్పు, 35 దాటిన వయసు కలిస్తే 75 నుంచి 150కి ఏ వారంలో మారుస్తున్నారు? పైపూత మాత్ర విరవకూడదు కనుక 75వి రెండు వేయిస్తున్నారా, 150దే రాస్తున్నారా?