ఊరి పటం నలుగురిలో గీయాలా, కార్డులు విడిగా పేర్పించాలా?

తంగేడు: ముగ్గుపిండితో ఊరి పటం గీయించి, పేదలెవరో అక్కడే తేల్చడం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు ప్రాజెక్టు కాలం నుంచీ ఉంది. నలుగురి ముందు ఒక ఇంటిని ‘పేదల్లో పేద’ అనిపించడం న్యాయమేనా?

జొన్నకంకి: న్యాయమే. దాచిన చెలక సంగతి పక్కింటావిడే బయటపెడుతుంది. జహీరాబాద్ వైపు డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ) సంఘాల ఆడవాళ్లు జొన్నల నిధి కోసం పేదిళ్ల లెక్క ఊరందరి ముందే తేల్చారు. గది లోపల తేల్చిన జాబితాను ఎవరు నమ్ముతారు?

కార్డుకట్ట: పక్కింటావిడ కూలికి వెళ్లేది ఆ చెలక ఆసామి దగ్గరికే అయితే నోరెత్తుతుందా? ఇంటికో కార్డు రాయండి. వేర్వేరు వాడల నుంచి కనీసం ముగ్గురిని ఎంచుకుని, ఒక్కొక్కరి చేత విడిగా, ఉన్నవాళ్లు లేనివాళ్లు అని కార్డులను కుప్పలు పోయించండి. ఎన్ని కుప్పలన్నది వాళ్లిష్టం. బాగా ఉన్నవాళ్లది 1వ కుప్ప, అందరికంటే పేదలది చివరిది. కుప్ప నంబరును మొత్తం కుప్పలతో భాగించి 100తో గుణించాలి. ఒకే ఇల్లు ఒకరికి నాలుగింట 3వది (75), ఇంకొకరికి ఐదింట 4వది (80), మూడో మనిషికి మూడింట 3వది (100) అయితే సగటు 85. ఒకరి లెక్క మరీ తేడాగా ఉంటే నాలుగో మనిషిని అడగండి.

జొన్నకంకి: సరే, ఆ కార్డుల మీద పేర్లు ఎక్కడివి? రేషన్ జాబితా నుంచి ఎక్కిస్తే కొడుకు వసారాలో విడిగా వండుకునే ముసలమ్మకు కార్డే ఉండదు.

మెట్టపొలం: అందుకే పటం ఇళ్ల లెక్కకు, కార్డులు తరగతులకు. పటంలో ఇంటికి కాదు, పొయ్యికో చింతగింజ పెట్టించండి. వలసపోయి తాళం పడ్డ ఇళ్లకు వేరే గింజ, శనగో కందో. గీత గుడి దగ్గర మొదలైందా, ఎస్సీ వాడ వచ్చేసరికి జాగా అయిపోయి, ఇరవై ఇళ్లు ఒక్క సున్నాలో ఇరుక్కుంటాయి. వాడ నుంచే మొదలుపెట్టించండి. కూలికెళ్లినవాళ్లు తిరిగొచ్చాక, పొద్దు వాలకముందే గీయించాలి. గీసే పుల్ల మగవాళ్ల చేతికి పోతే (పోతుంది) ఆడవాళ్లతో పక్కనే ఇంకో పటం వేయించి, రెండింటి తేడాలు అడగండి. గాలికి చెదరకముందే ఫొటో తీసి, పొయ్యిలకు నంబర్లిచ్చి, కార్డుల మీద అవే రాయండి. పథకం మాట ముందే చెబితే మాత్రం ఊరంతా పేదే!

తంగేడు: పటాన్ని ఎక్కించుకున్న చార్టు ఎవరి దగ్గరుండాలి?

మెట్టపొలం: అసలుది ఊళ్లోనే, మహిళా సంఘం దగ్గర. కార్డుల సగటులు దానిమీద ఎక్కించకండి.

జొన్నకంకి: ఇక్కడ మాత్రం ఒప్పుకోను. చివరి జాబితానైనా గ్రామసభలో చదవాలి, లేకపోతే తప్పు పట్టే దారే ఉండదు.