1855లో మెల్‌బోర్న్ వెళ్లిన బావకి ఉత్తరం ఎలా చేరేది?

అందరికీ నమస్కారం. విక్టోరియా రాణి కాలం నాటి కథ ఒకటి రాస్తూ ఒక చోట ఆగిపోయాను. యార్క్‌షైర్ పల్లెటూళ్లో ఉండే అమ్మాయి, బంగారం కోసం మెల్‌బోర్న్ వెళ్లిన బావకి ఉత్తరాలు రాస్తుంటుంది. (ఇంగ్లీషులో కజిన్ అంటే సరిపోతుంది, మనకి అలా కుదరదు కదా! మేనమామ కొడుకుని చేశాను. 1840లో రాణి పెళ్లాడిన ఆల్బర్ట్ కూడా ఆమెకి మేనమామ కొడుకే.)

1840 నుంచి దేశం లోపల అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ చాలు. సముద్రం దాటితే ఖర్చు ఎక్కువ, తెరచాప ఓడలో వెళ్లడానికే సుమారు మూడు నెలలు. కాగితం కలిసొస్తుందని, నిండిన పేజీనే అడ్డంగా తిప్పి రాసిన వరుసల మీదే మళ్లీ రాసేవారు. అలాంటి ఉత్తరం ఫొటో చూశాను. మొదట జల్లెడలా కనిపించింది. కాసేపు ఒకే వైపు నుంచి చూస్తే మెల్లగా అక్షరాలు విడివడ్డాయి. చెప్పాల్సింది ఎంత మిగిలిపోయిందో అనిపించి మనసు బరువెక్కింది.

నా సందేహం ఇదీ. బావ ఒక చోట ఉండడు, బంగారం తవ్వే ఊళ్లన్నీ తిరుగుతాడు, ఈ నెల బల్లారట్, వచ్చే నెల బెండిగో. మరి ఆమె ఏ చిరునామా రాయాలి? ఉత్తరాన్ని పోస్టాఫీసులోనే ఉంచి, మనిషి వచ్చి అడిగితే ఇచ్చే పద్ధతి ఉండేది. అదే పేరున్న ఇంకొకరు పట్టుకుపోకుండా అక్కడ ఏం చూసేవారు? ఏడాదైనా జవాబు రాకపోతే ఇంట్లోవాళ్లు ఎవరిని అడిగేవారు?

అప్పటి ఉత్తరాలు, డైరీలు చదివినవాళ్లు, మెల్‌బోర్న్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా కాస్త చెప్పరూ?