కిరసనాయిలు ఎండిపోయిన పాత సీసా: లోపలిది సోడియమా, పొటాషియమా?

పాతబీకరు:
ల్యాబు బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక గోధుమరంగు సీసా బయటపడింది. చీటీ చిరిగిపోయి చివర "యం" ఒక్కటే మిగిలింది. ఇలాంటి లోహాలకు గాలి, తేమ తగలకుండా పోసే కిరసనాయిలు చుక్క లేదు. అగ్గిపెట్టెంత ముక్కలు రెండు, పైన పెచ్చు కట్టి ఉన్నాయి. చాకుతో కాస్త కోసి, నీళ్లలో వేసి మంట రంగు చూద్దామనుకుంటున్నా. పసుపైతే సోడియం, లేత ఊదా అయితే పొటాషియం. అంతే కదా?

నీలిమంట:
ఆగండి, చాకు జోలికి వెళ్లకండి. ముందు పెచ్చు ఏ రంగులో ఉందో చెప్పండి. సీసా బయటినుంచే చూడండి.

పాతబీకరు:
పైపైన తెలుపు. పగుళ్లలో మాత్రం నారింజ కలిసిన పసుపు.

నీలిమంట:
నేను భయపడింది అదే. సోడియం పాతబడితే పైన చేరేది ఎక్కువగా హైడ్రాక్సైడు, కార్బొనేటు. తెల్లగా ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది కానీ పేలే ప్రమాదం తక్కువ. పొటాషియం తీరు వేరు. దానిమీద సూపర్ ఆక్సైడు కడుతుంది, దాని రంగు పసుపు. చాకు దిగినప్పుడు ఆ పెచ్చు లోపలి మెత్తటి లోహంలోకి నొక్కుకుపోతుంది. ఒకపక్క ఆక్సిజన్ నిండిన పదార్థం, ఇంకోపక్క దానికోసం కాచుకున్న లోహం, మధ్యలో మిగిలిన నూనె జిడ్డు. చేతిలోనే పేలొచ్చు. రంగును బట్టి నూటికి నూరుపాళ్లు తేల్చలేం, కానీ ఇలాంటప్పుడు పొటాషియమే అనుకుని నడుచుకోవాలి.

ఇసుకబకెట్టు:
మంట రంగు పరీక్షా నమ్మకం కాదండీ. రవ్వంత సోడియం కలిసినా దాని పసుపు ఊదాను మింగేస్తుంది. అందుకే కోబాల్టు నీలి గాజులోంచి చూడమంటారు. పైగా చిన్న సోడియం ముక్క నీళ్లమీద బుస్సుమంటూ తిరిగి మంట లేకుండానే కరిగిపోతుంది చాలాసార్లు. తడి వడపోత కాగితం మీద కదలకుండా ఉంటేనే అంటుకుంటుంది. పొటాషియమైతే నీళ్లు తగలగానే మండుతుంది.

నా చదువు రోజుల్లో లాసైన్ పరీక్ష (పదార్థాన్ని సోడియంతో వేడిచేసి అందులో నైట్రోజన్, గంధకం లాంటివి ఉన్నాయా చూసేది) చేశాక మిగిలిన సోడియం ముక్కను ఒకతను సింకులో పడేశాడు. శబ్దానికి కారిడారంతా పరుగెత్తుకొచ్చింది. కళ్లద్దాలు ఉండబట్టి బతికిపోయాడు.

కొత్తవిద్యార్థి:
పేలేది నీళ్లతో చర్యలో పుట్టే హైడ్రోజన్ అంటుకోవడం వల్లే కదండీ?

నీలిమంట:
అదొక్కటే కాదు. 2015లో చెక్ రసాయన శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం హైస్పీడ్ కెమెరాతో సోడియం-పొటాషియం మిశ్రలోహపు చుక్కలను చూసింది. నీళ్లు తగిలిన మిల్లీసెకను లోపే లోహంలోని ఎలక్ట్రాన్లు నీళ్లలోకి దూకేస్తాయి. మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని చుక్క ముళ్లు ముళ్లుగా చీలిపోతుంది. దాంతో కొత్త ఉపరితలం నీళ్లకు దొరుకుతూనే ఉంటుంది. లేకపోతే ఆవిరి, హైడ్రోజన్ పొర మధ్యలో అడ్డుపడి చర్య నెమ్మదించాలి.

కొత్తవిద్యార్థి:
ఇంత తలనొప్పి లోహం దేనికి పనికొస్తుంది అసలు?

ఇసుకబకెట్టు:
వీధిలో పసుపు దీపాలు సోడియం ఆవిరివే. 98 డిగ్రీల దగ్గర కరిగి 883 దాకా ద్రవంగానే ఉంటుంది, వేడిని బాగా మోస్తుంది. అందుకే ఫాస్ట్ బ్రీడర్ అనే రకం అణు రియాక్టర్లలో చల్లబరచడానికి వాడతారు. కొన్ని ఇంజన్ల ఎగ్జాస్టు వాల్వుల్లోనూ నింపుతారు. లిథియం సంగతి ఇంకో తమాషా, అది కిరసనాయిలు మీదే తేలిపోతుంది, వాజలీన్‌లో పూడ్చాలి.

పాతబీకరు:
సోడియమే అని తేలితే ఎలా వదిలించుకోవాలి?

ఇసుకబకెట్టు:
అలవాటున్నవాళ్లు ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబు గూడులో) చిన్న ముక్కలుగా ఐసోప్రొపైల్ ఆల్కహాలులో వేసి నెమ్మదిగా కరిగిస్తారు. లోహం పూర్తిగా పోయాకే నీళ్లు. పక్కన పొడి ఇసుక తప్పనిసరి, మంట లేస్తే కార్బన్ డయాక్సైడు సిలిండరు కొట్టకూడదు. మీ సీసాకు మాత్రం ఇదేదీ వద్దు. మూత తిప్పకండి, ప్రమాదకర రసాయనాలు తీసుకెళ్లేవాళ్లకు చెప్పండి.

పాతబీకరు:
ఇవాళ వచ్చారు. మూత ముట్టుకోలేదు. పొడి ఇసుక నింపిన డబ్బాలో పెట్టి పట్టుకెళ్లారు. అందులో ఉన్నదేమిటో తేలితే ఇక్కడే రాస్తా. బీరువాలో చీటీ లేని సీసాలు ఇంకో నాలుగున్నాయి.