ముందు టైరు మార్చాక ఏబీఎస్ లైటు ఆరట్లేదు, బ్రేకు లివర్ కొట్టుకుంటోంది, ఏం చూడాలి?

బెజవాడ_155:
అందరికీ నమస్తే. నాది 155 సీసీ స్కూటరు, 2021 మోడల్, ముందు డిస్కు వెనక డ్రమ్ము, సింగిల్ ఛానెల్ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా ముందు చక్రం ఒక్కటే లాక్ అవ్వకుండా చూసేది. ఈ మధ్య ముందు టైరు అరిగిపోయిందని ఇంటి దగ్గర పంచర్ షాపులో కొత్తది వేయించా, అప్పట్నుంచే మొదలైంది ఈ గోల. కీ ఆన్ చేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, బండి కదిలాక ఆరిపోతుంది, అక్కడిదాకా బానే ఉంది. కాసేపు తిరిగాక బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపుదామని ముందు బ్రేకు పట్టుకుంటే, రోడ్డు పొడిగానే ఉన్నా సరే, ఆగే ముందు లివర్ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటుంది, ఒక్క క్షణం బ్రేకు వదిలేసినట్టు బండి ముందుకి పోతుంది, తర్వాత లైటు వెలిగి ఇంక ఆరదు. కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. పైగా లివర్ కూడా ముందున్నంత గట్టిగా లేదు, గ్రిప్పు దాకా వచ్చేస్తోంది. మెకానిక్‌ని అడిగితే ఏబీఎస్ ఫ్యూజు పీకేస్తే సరిపోద్ది అన్నాడు. రోజూ పాపని స్కూల్లో దింపే బండి అండి ఇది, చాలా భయంగా ఉంది. పీకేయొచ్చా?

హన్మకొండ_రైడర్:
మా ఫ్రెండ్ బండికి గట్లనే తీసేసిన్రు అన్నా, మామూలు బ్రేకు పనిచేస్తనే ఉంది. ఇసుక మీద ఏబీఎస్ ఉంటే బండి ఇంకింత దూరం పోయి ఆగుతది కూడా. లైటు ఒక్కటే వెలుగుతది, అంతే కదా.

గుంటూరు_గ్యారేజీ:
తీయొద్దు తమ్ముడూ. పైన బ్రదర్ చెప్పినట్టు ఏబీఎస్ లేకపోయినా ఆయిల్ బ్రేకు పనిచేస్తుంది, ఇసుకలో, కంకరలో ఆగే దూరం పెరిగేదీ నిజమే, కానీ వానపడ్డ రోడ్డు మీద ఏ కుక్కో అడ్డమొచ్చి గట్టిగా పట్టినప్పుడు ముందు చక్రం లాక్ అయితే మనిషి కిందపడ్డాకే తెలుస్తుంది. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసింది అందుకే. అయినా ఫ్యూజు పీకితే నీ లివర్ మెత్తదనం ఎక్కడికి పోతుంది? అది వేరే లోపం, దాన్ని వదిలేసి లైటు సంగతి చూస్తే లాభం లేదు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అనుమానం టైరు విప్పిన పద్ధతి మీద. చాలా షాపుల్లో చక్రాన్ని డిస్కు వైపు నేలకి ఆనించి పడేసి, పైన కాలేసి తొక్కి, రాడ్లతో టైరు ఊడదీస్తారు. డిస్కు పక్కనే చుట్టూ గాట్లున్న సన్నటి రింగు ఉంటుంది చూడు, సెన్సార్ దాన్ని చూసే చక్రం ఎంత స్పీడులో తిరుగుతుందో లెక్కకడుతుంది. ఆ రింగు కాస్త వంగినా, ఇరుసు బుష్‌లు తప్పుగా పడి చక్రం పక్కకి జరిగినా సెన్సార్‌కీ రింగుకీ మధ్య సందు మారిపోతుంది. స్పీడు బాగా తగ్గినప్పుడు సిగ్నల్ ఎలాగూ బలహీనంగా ఉంటుంది, సందు కూడా ఎక్కువైతే మధ్యలో తెగుతుంది, అప్పుడు చక్రం లాక్ అయిందనుకుని యూనిట్ బ్రేకు ప్రెషర్ వదిలేస్తుంది. నీ చేతికి కొట్టుకుంటున్నది అదే. లెక్క కుదరట్లేదని తెలిసాక ఏబీఎస్ తనంతట తనే ఆగిపోయి లైటు వేస్తుంది.

సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవర్నైనా నొక్కి పట్టుకోమని, ముందు చక్రం గాల్లో తిప్పి ఆ సందు మీదే కన్ను పెట్టు. ఒక తిప్పు మొత్తం సందు ఒకేలా ఉండాలి, ఎక్కడో ఒకచోట దగ్గరై మళ్లీ దూరమైతే రింగు వంగినట్టే. మామూలుగా మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, కచ్చితమైన లెక్క నీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. సెన్సార్ మూతికి ఇనుప రజను అంటుకుందేమో కూడా చూసి గుడ్డతో తుడువు, వైరు ఫోర్కు దగ్గర నలిగిందేమో చూడు.

ఇంక లివర్. ఒకసారి నొక్కితే లోపలికి పోయి, వెంటనే రెండోసారి నొక్కితే గట్టిపడుతుందా? పడితే బ్రేకు ఆయిల్ లైన్లో గాలి అన్నా ఉండాలి, లేదా డిస్కు వంగి తిరుగుతూ ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తూ అన్నా ఉండాలి. గట్టిగా పట్టుకుని ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతుంటే మాత్రం, ఎక్కడా ఆయిల్ కారకపోయినా, లివర్ దగ్గర ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ వాచర్లు పోయినట్టు, ఆ బండి నడపొద్దు.

హైదరాబాద్_స్కూటరిస్ట్:
బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారండి? 2021 బండికి ఇంకా కంపెనీ నుంచి వచ్చిందే ఉంటే అది కూడా మార్చేయండి, గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 రకం ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 155 దాకా పడిపోవచ్చు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు లివర్ ఉన్నట్టుండి ఖాళీగా పోయేది దీనివల్లే. డబ్బా మూత మీద డాట్ 4 అని ఉంటే అదే పోయించండి, డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ ఆయిల్, దీంతో కలవదు.

బెజవాడ_155:
గుంటూరు అన్నా, మీరు చెప్పినట్టే తిప్పి చూశాం. వాల్వు ఉన్న వైపు రింగు లోపలికి నొక్కుకుపోయి ఉంది, సరిగ్గా అక్కడికి రాగానే డిస్కు కూడా ప్యాడ్‌కి రాసుకుంటోంది. లివర్ రెండోసారికి గట్టిపడుతోంది, పట్టుకుంటే దిగట్లేదు. ఆయిల్ కిటికీలోంచి చూస్తే డికాషన్ రంగులో ఉంది. రింగుని సుత్తితో సరిచేస్తానంటున్నాడు మెకానిక్, చేయించనా?

గుంటూరు_గ్యారేజీ:
వద్దు, సుత్తి పడితే ఇంకోచోట వంగుతుంది. రింగు, డిస్కు రెండూ కొత్తవే వేయించు. ప్యాడ్లు పాత డిస్కుకి అలవాటుపడి ఉంటాయి, అవీ మార్చేయ్. ఆయిల్ మారుస్తూ గాలి తీసేటప్పుడు పైన డబ్బాలో మట్టం కింది గీత కంటే దిగకుండా చూడమను, దిగిందంటే ఏబీఎస్ యూనిట్లోకి గాలి పోతుంది, అప్పుడు కొన్ని మోడల్స్‌కి షోరూమ్ మెషీన్ తగిలిస్తే గానీ రాదు. పెయింటు మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడిగించు. అన్నీ అయ్యాక పాపని ఎక్కించుకోకముందే ఖాళీ రోడ్డు మీద నువ్వొక్కడివే కొన్నిసార్లు స్పీడు పెంచి, ఆగేదాకా మెల్లగా బ్రేకు పట్టి చూడు. లివర్ కొట్టుకోకుండా, లైటు రాకుండా ఉంటేనే స్కూలుకి తియ్యి. అప్పటిదాకా పాపని ఆటోలో పంపించు.